ఒకే కుటుంబం అన్నారుగా!

"వదినా, కారు మీద కూడా వ్యాసం రాస్తావా? రాయడానికి ఇంకేమీ దొరకలేదా?" అన్నాడు మా మరిది మొన్న. అతను వ్యాపారశాస్త్రం చదువుకున్నవాడు. నేను ఉత్త బి.ఏ. పైగా నవలలు రాసుకునేదాన్ని. కార్ల గురించీ, కంపెనీల గురించీ నోరెత్తే అర్హత నాకు లేదని అతని అభిప్రాయం. ఆ అభిప్రాయమే నాచేత ఈ నాలుగు ముక్కలూ రాయిస్తోంది.

సంగతేమిటంటే, అందరం భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు నేను నా పాత శాటర్న్ కారుని తలుచుకున్నాను. శాటర్న్ అంటే శని. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్ రాకెట్టు పేరు అది అని మావారు ఎంత చెప్పినా మా అత్తయ్యగారు వినలేదు. "ఏలినాటి శనిని ఎవరైనా డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకుంటారుటే!" అని ఇక్కడ నాలుగు శనివారాలు నువ్వులనూనె దీపం పెట్టారు, అక్కడ మేం క్షేమంగా వుండాలని. చివరికి శని పట్టింది మాకు కాదు, ఆ కారుకే. 2010లో ఆ పేరే లేకుండా పోయింది.

నేను "అయ్యో" అన్నాను. మా మరిది నవ్వాడు. "లాభం లేకపోతే మూసేస్తారు. వ్యాపారం అంటే అంతే. వస్తువు మీద ఇంత మమకారమా? ఆడవాళ్ళకే చెల్లింది!"

సరే. ఆ మమకారం ఎవరు పెంచుకోమన్నారో, ముందు ఆ కథ చెప్పుకుందాం.

1980ల మొదట్లో అమెరికాలో జనం జపాన్ వాళ్ళ చిన్న కార్ల మీద పడ్డారు. జనరల్ మోటార్స్ అనే మహాసంస్థకి దిగులు పట్టుకుంది. అప్పటి అధ్యక్షుడు రోజర్ స్మిత్, పాత పద్ధతులన్నీ పక్కన పెట్టి కొత్తగా ఒక కంపెనీ పెడతామని ప్రకటించి, 1985 జనవరిలో శాటర్న్ సంస్థని స్థాపించాడు. టెనెసీ రాష్ట్రంలో స్ప్రింగ్ హిల్ అనే పల్లెటూళ్ళో, పొలాల మధ్య ఫ్యాక్టరీ కట్టారు. 1990 జూలై 30న మొదటి కారు బయటికొచ్చింది. స్మిత్ గారూ, కార్మిక సంఘం నాయకుడు ఓవెన్ బీబర్ గారూ పక్కపక్కన కూర్చుని ఆ కారుని బయటికి నడిపించుకొచ్చారు. యజమానీ, కార్మికుడూ ఒకే బండిలో! ఎంత ముచ్చటైన దృశ్యమో చూడండి.

కార్మికులతో ఒప్పందం కూడా కొత్తదే. పనివాళ్ళు జట్లు జట్లుగా కూర్చుని నిర్ణయాల్లో పాలుపంచుకోవచ్చు. బదులుగా జీతంలో కొంత భాగం, పని బాగా సాగితేనే చేతికొస్తుంది. "ఇది మన కంపెనీ" అన్నారు. ఆ మాట నమ్మి, ఎక్కడెక్కడి ఫ్యాక్టరీలనుంచో పనివాళ్ళు పిల్లాజెల్లాతో ఇళ్ళు ఖాళీ చేసుకుని స్ప్రింగ్ హిల్‌కి తరలివచ్చారు.

కొనేవాళ్ళకీ అదే మర్యాద. శాటర్న్ షాపులో బేరం లేదు. చీటీ మీద రాసిన ధరే ధర, మీకైనా నాకైనా. తాళాలు ఇచ్చేటప్పుడు షాపులో వాళ్ళందరూ చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవారు, ఫోటో తీసేవారు, కొత్త పెళ్ళికూతుర్ని సాగనంపినట్టు. 1991లో ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం పాడైనది పోశారని తేలితే, మరమ్మతు చేసి సరిపెట్టలేదు. 1,836 కార్లకి కార్లే మార్చి కొత్తవి ఇచ్చారు. 1994 జూన్‌లో అయితే, "అందరూ ఒకసారి ఇంటికి రండి" అని కార్లున్న వాళ్ళందరికీ పిలుపు పంపారు. మన భాషలో చెప్పాలంటే పుట్టింటి పిలుపు. నలభై వేలమందికి పైగా జనం ఆ పల్లెటూరి ఫ్యాక్టరీకి వెళ్ళారు. తమ కారు పుట్టిన చోటు చూసుకుని, దాన్ని తయారుచేసిన మనుషులతో కలిసి తిని, పాటలు విని వచ్చారు. ఆ యేడు శాటర్న్ కార్లు రెండు లక్షల ఎనభై వేలు దాటి అమ్ముడుపోయాయి.

ఇప్పుడు చెప్పండి. మమకారం పెంచుకున్నది జనమా, పెంచింది కంపెనీయా?

ఇక నా సంగతి. 2003లో మావారి ఉద్యోగం నాష్‌విల్ దగ్గర. అక్కణ్ణించి స్ప్రింగ్ హిల్ యాభై కిలోమీటర్లు. నేను డిపెండెంటు వీసా మీద వెళ్ళినదాన్ని. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. 2015లో కొందరు భార్యలకి ఆ హక్కు వచ్చింది గానీ మా రోజుల్లో ఎవరికీ లేదు. బస్సులు లేని వూరు. పాల ప్యాకెట్టు కావాలన్నా మావారు ఆఫీసునుంచి రావాలి. బి.ఏ.లో షేక్స్‌పియర్ చదివిన నేను కిటికీ దగ్గర కూర్చుని, వెళ్ళే కార్లూ వచ్చే కార్లూ లెక్కపెట్టుకునేదాన్ని.

మొదట ఒక సెకండ్‌హాండ్ కార్ల షాపుకి వెళ్ళాం. పేరెందుకు లెండి. కారు నాకోసం. నడిపేది నేను. ఆ షాపతను గంటసేపు మాట్లాడాడు, మావారితో! నేను ప్రశ్న వేస్తే జవాబు మావారికి చెప్పాడు. నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు, "మీకు ఏ రంగు ఇష్టం?" అని. ధర దగ్గరికొచ్చేసరికి, "మేనేజరుని అడిగొస్తాను" అని మూడుసార్లు లోపలికెళ్ళి వచ్చాడు. లోపల మేనేజరున్నాడో, గోడకి తగిలించిన క్యాలెండరే వుందో ఆ దేవుడికెరుక. కొనకుండా లేచొచ్చేశాం.

తరవాత ఇండియాకి తిరిగి వెళ్ళిపోతున్న ఒక తెలుగు కుటుంబం దగ్గర 1997 నాటి శాటర్న్ కొన్నాం. ముదురాకుపచ్చ రంగు, నాలుగు తలుపులది. తలుపులు ప్లాస్టిక్! లోపల ఉక్కు చట్రం వుంటుంది గానీ, పైన పక్క పలకలన్నీ ప్లాస్టిక్. ఎండకి ప్లాస్టిక్ సాగుతుంది కనక పలకల మధ్య సందులు కాస్త వెడల్పుగా వదిలేవారు. మావారి స్నేహితులు దాన్ని "టప్పర్‌వేర్ డబ్బా" అని వెక్కిరించేవారు. వెక్కిరిస్తే వెక్కిరించారు. ఒకనాడు కూరగాయల మార్కెట్టు దగ్గర ఎవరిదో సామాన్ల బండి జారుకుంటూ వచ్చి నా కారు తలుపుకి ఢామ్మని కొట్టుకుంది. వెళ్ళి చూద్దును కదా, చిన్న సొట్ట కూడా లేదు! అప్పట్లో నాకూ అలాంటి ఒళ్ళుంటే బాగుండేదనిపించింది.

సర్వీసుకి తీసుకెళితే కౌంటరు దగ్గర ఒకావిడ, వయసులో మా పిన్నంత వుంటుంది, కారు కిందికి నన్ను పిలిచి, ఏ భాగం ఎందుకు మారుస్తున్నారో నాకే, నా మొహం చూసి చెప్పింది. ఆ దేశంలో నేను మనిషినని గుర్తించిన మొదటి కౌంటరు అది. నేను నా మొదటి నవల సగం ఆ కార్లోనే రాశాను, లైబ్రరీ ముందు చెట్టునీడలో ఆపుకుని. అందుకని మా మరిదిగారూ, వస్తువు మీద మమకారం అని నవ్వకండి. కిటికీ దగ్గర కూర్చోవలసిన అవసరం మీకెప్పుడూ రాలేదు.

మరి అంతమంది ప్రేమించినది ఎలా పోయింది? వినండి.

పెద్ద సంస్థలో మిగతా విభాగాలకి ఈ కొత్తదాన్ని చూసి కడుపుమంట. "దీనికి వందల కోట్లు పోశారు, మాకేం చేశారు?" అని. ఆ తగువులో శాటర్న్‌కి కొత్త మోడళ్ళు ఇవ్వడం మానేశారు. 1990లో వచ్చిన ఆ చిన్నకారునే పైపైన మెరుగులు దిద్దుతూ 2002 దాకా లాగించారు. కొన్నవాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, కాస్త పెద్దకారు కావాలన్నారు. శాటర్న్ దగ్గర అది 1999 దాకా లేనే లేదు. తీరా వచ్చింది యూరప్ కారుని కొంచెం మార్చినది, వేరే రాష్ట్రంలో తయారైనది. కొంచెం కొంచెంగా ప్రత్యేకత అంతా పోయింది. 2004 నాటికి ఆ కార్మిక ఒప్పందం కూడా పోయి అందరితోపాటు పాత పద్ధతే వచ్చింది. 2007లో స్ప్రింగ్ హిల్‌లో శాటర్న్ కార్ల తయారీ ఆగిపోయింది. పుట్టింట్లోనే చోటు లేకుండా పోయిందన్నమాట! విచిత్రమేమిటంటే అదే సంవత్సరం శాటర్న్ ఆరా అనే కారుకి ఉత్తర అమెరికాలో ఆ యేటి మేటి కారని బహుమతి వచ్చింది.

2009 జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలాకోర్టుకి వెళ్ళింది. ప్రభుత్వం సుమారు అయిదువేల కోట్ల డాలర్లు పోసి దాన్ని నిలబెట్టింది. ఎవరి డబ్బు? కార్లు కొన్న ఆ జనం కట్టిన పన్నులే. శాటర్న్‌ని రోజర్ పెన్‌స్కే అనే పెద్ద వ్యాపారి కొనుక్కుంటాడని జూన్‌లో చెప్పారు. దాదాపు 350 షాపులూ, పదమూడు వేల ఉద్యోగాలూ నిలబడతాయన్నారు. సెప్టెంబరు 30న ఆయన వద్దన్నాడు. ముందుముందు కార్లు తయారుచేసి ఇచ్చే వేరే కంపెనీ దొరకలేదట. అంతే, ఆ రోజే చావు కబురు చల్లగా చెప్పారు. పేపర్లో అది చదువుతుంటే నాకు ఆ కౌంటరు ఆవిడ ముఖం కళ్ళముందు మెదిలింది.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. 1996లో ఇదే సంస్థ ఈవీ 1 అని కరెంటుతో నడిచే కారు తెచ్చి, శాటర్న్ షాపుల ద్వారానే ఇచ్చింది. అమ్మలేదు, అద్దెకి ఇచ్చింది. తీసుకున్నవాళ్ళు దాన్ని ప్రాణంగా చూసుకున్నారు. గడువు కాగానే వెనక్కి లాగేసుకుంది. "డబ్బిస్తాం, మాకే అమ్మండి" అని 2005లో కాలిఫోర్నియాలో బర్బాంక్ అనే వూళ్ళో జనం రాత్రింబవళ్ళు కాపలా కూర్చున్నారు. అయినా అమ్మలేదు. ఆ కార్లలో చాలావాటిని తుక్కు చేసేసింది. ఇప్పుడు ప్రపంచమంతా కరెంటు కార్ల జపం చేస్తోంది. ఆ స్ప్రింగ్ హిల్ ఫ్యాక్టరీలోనే 2022 నుంచి కరెంటు కార్లు తయారవుతున్నాయి, క్యాడిలాక్ పేరుతో!

మా మరిది అన్నది నిజమే, శాటర్న్ మీద పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. నష్టపోయే దుకాణం ఎల్లకాలం నడపమని నేననను. నా దెబ్బలాట మూసినందుకు కాదు. లాభం వచ్చినన్నాళ్ళూ "మనమంతా ఒకే కుటుంబం" అని, నష్టం రాగానే "వ్యాపారం అంటే అంతే" అనడం మీద. వ్యాపారమైతే మొదటిరోజునుంచీ వ్యాపారమనే చెప్పు. మేమూ సరుకు చూసుకుని, డబ్బిచ్చి, రసీదు తీసుకుని వెళతాం. కుటుంబం అన్నావా, అయితే కష్టం వచ్చినప్పుడు ఆ కుటుంబాన్ని కూర్చోబెట్టి అడుగు. ఇళ్ళు వదిలి వచ్చిన పనివాణ్ణి అడుగు. పుట్టింటికని పిలిస్తే వచ్చిన నలభై వేలమందినీ అడుగు. పండక్కి పిలిచి, పంపకాలప్పుడు తలుపేసుకునేవాళ్ళని మన వూళ్ళో ఏమంటారో నేను ఇక్కడ రాయలేను, సంపాదకులు కొట్టేస్తారు.

అమ్మలారా, ఈ మాట మనకి కొత్తది కాదు. "కోడలంటే మాకు కూతురే" అంటారు. పని చెప్పేటప్పుడు కూతురు, ఆస్తి కాగితాలు బయటికి తీసినప్పుడు "నీకెందుకమ్మా ఇవన్నీ". ఆఫీసులో పైఅధికారి "మనదంతా ఒక ఫ్యామిలీ" అంటాడు. రాత్రి తొమ్మిదిదాకా కూర్చోబెట్టడానికి ఫ్యామిలీ, పురిటి సెలవు అడిగితే రూల్సు.

ఇంకొకటుంది. చెప్పక తప్పదు. మన పనిమనిషిని "మా ఇంట్లో మనిషే" అని ఎంతమందికి చెప్పుకుని మురిసిపోయాం? మరి ఆవిడకి జ్వరం వచ్చి నాలుగు రోజులు రాకపోతే ఆ నాలుగు రోజుల జీతం కోసుకున్నది ఎవరు? నేనే. గత సంవత్సరం. ఈ వ్యాసం సగం రాశాక గుర్తొచ్చి, కలం కింద పెట్టేశాను. ఆ పెద్ద కంపెనీ వాళ్ళు చేసినదీ నేను చేసినదీ కొలతలో తేడా, అంతే.

కాబట్టి ఎవరైనా మిమ్మల్ని "మనమంతా ఒకే కుటుంబం" అంటే మురిసిపోకండి. "సంతోషం అండీ, మరి నష్టం వస్తే నా వాటా ఏమిటి?" అని అప్పుడే, నవ్వుతూనే అడగండి. మనం ఎవరినైనా అనబోయేముందు ఆ ప్రశ్న మనకి మనం వేసుకుందాం.

నిన్న మా పనమ్మాయికి ఆ నాలుగు రోజుల జీతమూ ఇచ్చాను. "ఇదెందుకమ్మా?" అంది. "బాకీ" అన్నాను. మా మరిది వింటూనే వున్నాడు. ఈసారి నవ్వలేదు.