కత్తికి ముందు చిత్రము

జంగారెడ్డిగూడెము వేలములలో వర్జీనియా పొగాకు పలుకు ధర మన రైతుల కెఱుకయే. ఆ పొగాకు నోటను గొంతునను పుట్టించు క్యాన్సరునకు రోగి చెల్లించు వెలను లెక్కించువా రెవ్వరు?

కిరణచికిత్స ముగిసినపిమ్మట మెడగ్రంథులలో వ్యాధి మిగిలెనో లేదో చేతితో తడిమి చెప్పుట దుష్కరము. అందుచే పూర్వము పలువురకు మెడపై శస్త్రచికిత్స తప్పకుండెను. పెట్ సీటీ పరీక్షలో, రక్తమున కెక్కించిన రేడియోధార్మిక చక్కెరను సజీవమైన క్యాన్సరు కణములు హెచ్చుగ గ్రహించి చిత్రమున మెఱయును. చికిత్సవలన వాచిన కండయు నట్లే మెఱయవచ్చును గనుక 12 వారములు వేచియుండవలెను.

2016లో ప్రకటితమైన బ్రిటిషు పరిశోధనమున 564 మంది రోగులను రెండు వర్గములు చేసిరి. శస్త్రచికిత్స ముందే నిశ్చయింపబడిన వర్గమున 221, చిత్రమును బట్టి నిర్ణయించిన వర్గమున 54 మాత్రమే జరిగెను. రెండేండ్లకు జీవించియున్నవారి నిష్పత్తి తగ్గలేదు.

కావున నీ పరీక్ష ధనికుల విలాసము గాదు, చికిత్సలో భాగము. పొగాకుపై పన్ను గైకొను ప్రభుత్వమే పేదరోగికి దీని వ్యయమును, ప్రయాణపు ఖర్చును భరింపవలెనని మా నిశ్చితాభిప్రాయము.