పెరటి వంటయిల్లు: గోడకు ముందు ముగ్గు



పంట చేతికి వచ్చి నాలుగు రూకలు మిగిలిన యేట మన గ్రామములయందు మొదట తలపునకు వచ్చు పని యిల్లు పెంచుట. కుటుంబము పెరిగినది, కోడండ్రు వచ్చిరి, పాత వంటయిల్లు చాలకున్నది. కావున వెనుక గోడకు ఆనించి పెరటిలోనికి పదియడుగులు సాగదీయుదమని యజమాని తలంచును. ఆ సాయంకాలమే మేస్త్రీ వచ్చి తాడు పట్టును. మఱునాడు పునాది త్రవ్వుదురు. ఈ తొందరపాటును గూర్చియే నేను కొన్ని మాటలు మనవి చేయదలచితిని. ఎఱువులు, విత్తనములు చెప్పువానికి వంటయింటితో నేమి పని యని మీరడుగవచ్చును. చేనిలో పండినదెల్ల తుదకు ఆ గుమ్మము దాటియే మన నోటికి చేరుచున్నది. దినమునకు నాలుగైదు గంటలు ఆ గుమ్మములోపల నిలిచియుండు మనిషిని గూర్చి, విత్తనమును గూర్చి చేసినంత విచారమైనను మనము చేయుట లేదు.

ముందుగా నా తప్పు నేను చెప్పుకొందును. పండ్రెండేండ్ల క్రిందట మా తూర్పుముఖపు పెంకుటింటికి వెనుక, అనగా పడమటివైపున, పదియడుగుల వెడల్పున ఒంటివాలు వంటయిల్లు దింపితిని. చిన్ననాట మిషను బడిలో కొలబద్ద పట్టి పటము గీయుట నేర్చినవాడనే. నా యింటికి మాత్రము అది అక్కఱలేదనుకొంటిని. బంగాళాపెంకునకు రెండడుగుల వెడల్పునకు ఒక అడుగు చొప్పున వాలుండవలెను. మా పాత చూరు తొమ్మిదడుగుల యెత్తున నుండెను. పదియడుగులకు అయిదడుగుల వాలు పోగా, చివరి గోడ నాలుగడుగులే మిగులును. ఈ లెక్క నాకు గోడ లేచిన పిమ్మట గాని తోపలేదు. మేస్త్రీ వాలు తగ్గించి గోడను ఆఱడుగులకు లేపెను; మొదటి గాలివానకే పెంకుల సందులలో నీరు వెనుకకు నెట్టుకొని వచ్చి లోపల కారెను. నడిమి గది కిటికీ మూతపడి, పట్టపగలే దీపము పెట్టవలసి వచ్చెను. వేసవిలో పడమటి గాలి కొట్టినపుడు పొగయంతయు ఇంటిలోనికే తిరిగి వచ్చెడిది. నా భార్య రెండేండ్లు కన్నులు తుడుచుకొనుచు వండి, ఒకనాడు “చేనికి నీరెటు పోతుందో చూస్తారు గదండీ, పొగ ఎటు పోతుందో నన్నొక్కమాట అడిగితే చెప్పేదాన్ని గదా” అనినది. ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను. ఆ కప్పు విప్పి మరల కట్టుటకు మొదటి ఖర్చులో సగము మీదబడినది.

పొగను తేలికగా తీసికొనరాదు. ఇండ్లలోని పొయ్యిపొగ మొదలగువాని వలన 2020లో లోకమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అయిదేండ్లలోపు బిడ్డలే 2 లక్షల 37 వేలకు మించిరి. దీనికి విరుగుడు వెదకుట మనవారికి క్రొత్త గాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజుగారు పొగగొట్టపు పొయ్యిని రూపొందించి, 1953లో పొగలేని వంటయిండ్లను గూర్చి ఒక పుస్తకమును ప్రకటించిరి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపం పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును గ్యాసును పేదయిండ్లకు తెచ్చినవి. ఐనను స్నానపు నీళ్లకును, ఉలవలు ఉడికించుటకును, పండుగ వంటలకును కట్టెపొయ్యి అనేక గృహముల పెరటిలో మండుచునే యున్నది. గ్యాసు వచ్చినది గదా యని పొగగొట్టము మానుకొనరాదు.

నేను చెప్పదలచినది ఒక్కటే. వంటయింటి కొలతలను వండునామె నిర్ణయింపవలెను. క్రొత్త విత్తనమును మనము ముందు పది సెంట్లలో వేసి చూతుము గాని, చేనెల్ల ఒకేమారు చల్లము. అట్లే పెరటిలో కట్టదలచిన మేరకు తాడు కట్టి ముగ్గు వేయుడు. పొయ్యి, నీళ్లబిందెలు, రుబ్బురోలు, బియ్యపు డబ్బా, అంట్లు తోము తావు, వీనికన్నిటికి గీతలు గీయుడు. ఇంటి ఆడవారిని రెండుమూడు దినములు ఆ గీతల నడుమ మసలనిండు. మోచేయి ఎచట గోడకు తగులునో, నిండు బిందెతో ఎన్ని అడుగులు నడువవలెనో వారు చెప్పుదురు. ముగ్గు చెరుపుటకు చీపురు చాలును. గోడ చెరుపుటకు గడ్డపార కావలెను.

ఆ ముగ్గులో నిలిచి నాలుగు సంగతులు చూడవలెను.

మొదటిది గాలి. పొయ్యి ఆగ్నేయమున నుండవలెనని పెద్దలందురు. వారితో నాకు తగవు లేదు. మా ప్రాంతమున వేసవి పడమటి గాలికి ఆ మూలనుండి పొగ యింటికి దూరముగనే పోవును. ఇంటికి పడమట కట్టక తప్పనివారు పొగగొట్టమును ఇంటి నడికొప్పుకంటె రెండుమూడడుగులు పైకి లేపవలెను. గాలి పోవు దిక్కున గడ్డివామి ఉండరాదు; నిప్పురవ్వ ఒక్కటి చాలును.

రెండవది కప్పు. ఆఱడుగులకు మించి వెడల్పు కావలసినచో ఒంటివాలు మానుడు. పాత యింటికిని వంటయింటికిని నడుమ మూడడుగుల సందు విడిచి, వంటయింటికి వేఱుగ రెండువాలుల కప్పు వేయుడు. నడిమి గదికి వెలుతురు దక్కును. వానలో తడియకుండ తలుపుల నడుమ మాత్రము చిన్న పంచ దింపిన చాలును.

మూడవది నీరు. నేల జలదారివైపు పదియడుగులకు రెండంగుళముల వాలుండవలెను. అంట్లనీరు బావికి దూరముగా అరటిపాదులకు పోవలెను.

నాలుగవది గ్యాసు బండ. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలమీద ప్రాకి పల్లమున నిలుచును. కావున పైన గవాక్షమే గాక నేలమట్టమునను కన్నముండవలెను. బండను నిలువుగనే యుంచవలెను. గోతిలో గాని తూము ప్రక్కన గాని పెట్టరాదు. కట్టెపొయ్యి ఆ గదిలో ఉండనే రాదు.

ఇక ధనము మాట. మన దేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది రైతును అధిక వడ్డీనుండి తప్పించుటకు. పంట ఋణము తెచ్చి గోడలో పెట్టువాడు మరల ఆ వడ్డీకే దారి తీయుచున్నాడు. పైరు కోతకు వచ్చును. గోడ కోతకు రాదు. గడువునాటికి బాకీ తీరనిచో నష్టము అతనిది మాత్రమే కాదు, ప్రక్క సభ్యునిది కూడ. మిగులు సొమ్ముతో కట్టుడు. చాలనిచో ఈ యేడు పొగగొట్టమును, జలదారిని చేయించి, గోడను వచ్చు ఏటికి ఉంచుడు.

ఆడవారిని అడిగినచో ఖర్చు పెరుగునని కొందఱు నాతో ననిరి. నా యింట ఆమె కోరినవి మూడు: ఒక కిటికీ, ఒక పొగగొట్టము, నడుమెత్తున ఒక అరుగు. ఆ మూడింటి ఖరీదు, అడుగనందుకు నేను చెల్లించిన దానిలో నాలుగవ వంతు కాలేదు.

ఈ వేసవిలో పునాది త్రవ్వదలచిన సోదరులారా! మేస్త్రీని పిలుచుటకు ముందు తాడు తెండు. ఒక కొన మీరు పట్టి, రెండవ కొన ఆమె చేతికిండు.

— ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు