మళ్లీ తుపాకులు మోగకూడదంటే: మా ప్రణాళిక

పల్నాడు, మార్కాపురం ప్రాంతాల మిర్చి, పత్తి రైతులం, కౌలుదారులం, కూలీలం, ఉపాధ్యాయులం కలిసి ఈ ప్రణాళిక ప్రకటిస్తున్నాం.

2004 అక్టోబరులో మావోయిస్టు నేత రామకృష్ణ బృందం శాంతి చర్చల కోసం నల్లమల దిగి చినఆరుట్లకు వచ్చింది. గుత్తికొండ బిలం సభకు ఊళ్లకు ఊళ్లు కదిలాయి. ఆ నెల 15 నుంచి 18 వరకు హైదరాబాదులో అప్పటి రాష్ట్ర హోంమంత్రి జానారెడ్డి బృందంతో చర్చలు జరిగాయి. ఎస్.ఆర్. శంకరన్, కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు వంటి పెద్దలు మధ్యవర్తిత్వం వహించారు. ఆయుధాల పేచీ తెగలేదు, భూమి లెక్క తేలలేదు, రెండో విడత జరగనే లేదు. 2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు మొదలయ్యాయి, మావోయిస్టులు చర్చల నుంచి వైదొలిగారు. మార్చిలో చిలకలూరిపేట పోలీసు స్టేషన్‌పై దాడి జరిగింది. చర్చల్లో పాల్గొన్న మరో నక్సలైట్ పార్టీ జనశక్తి నేత రియాజ్ ఎన్‌కౌంటర్లో చనిపోయాడు. ఆగస్టు 15న ఎమ్మెల్యే నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకే మావోయిస్టు పార్టీపై నిషేధం తిరిగొచ్చింది.

సంతకాలైన చోట కూడా ఇదే జరిగింది. కొలంబియాలో 2016లో ప్రభుత్వానికీ గెరిల్లాలకూ శాంతి ఒప్పందం కుదిరింది. ప్రభుత్వం మాట తప్పిందంటూ గెరిల్లా నేత ఇవాన్ మార్కెజ్ 2019లో మళ్లీ ఆయుధం పట్టాడు. అందుకే మేం నమ్మేది ఇదీ:

1. చర్చల్లో మొదటి అంశం భూమి కావాలి. ఇక్కడ కౌలుదారు మిర్చి నారు పోయకముందే కౌలు కట్టాలి. బ్యాంకు అప్పు పట్టాదారు పేరున పుడుతుంది. కౌలుదారు వడ్డీకి తెచ్చి, కాయ ఎండాక గుంటూరు యార్డులో దక్కిన ధరకు అమ్మి బాకీ తీరుస్తాడు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ఇచ్చే సాగు హక్కు పత్రానికీ యజమాని సంతకం కావాలి. ఆ షరతు పోవాలి. భూమి సమస్యలపై వేసిన కోనేరు రంగారావు కమిటీ సిఫార్సులు పూర్తిగా అమలు కావాలి.

2. కాల్పుల విరమణ షరతులు రాతపూర్వకంగా ఉండాలి. ఉల్లంఘన ఎవరిదో తేల్చే అధికారం స్వతంత్ర సంఘానికి ఇవ్వాలి. 2004లో మధ్యవర్తులకు గౌరవం దక్కింది, అధికారం దక్కలేదు.

3. చర్చలకు వచ్చినవారి, లొంగిపోయినవారి ప్రాణాలకు ప్రభుత్వమే పూచీ.

4. ఇన్‌ఫార్మర్ల పేరిట హత్యలనూ, బూటకపు ఎన్‌కౌంటర్లనూ ఒకే గొంతుతో ఖండిస్తాం.

5. ప్రతి హామీకీ గడువు ఉండాలి. అమలు లెక్క గ్రామసభలో చదవాలి.

తుపాకీ పట్టడానికి కారణాలు మిగిలున్నంతకాలం తుపాకీ తిరిగొస్తుంది. ఈ ఐదు సూత్రాలను మీ ఊరి గ్రామసభలో చర్చకు పెట్టండి, తీర్మానం చేయించండి, ఓటడగడానికి వచ్చిన ప్రతి పార్టీని వీటిపై నిలదీయండి.