పదును సరే, కళ్లద్దాలు ఏవి?

మంచిర్యాల పల్లెల్లో గొడ్డలి పట్టిన చేతుల్లోకి చైన్ రంపం వచ్చింది. దాని పళ్లకు పదును పెట్టేందుకు వైరు అక్కరలేని బ్యాటరీ సాన మిషన్లు కూడా వచ్చాయి. ఆకురాయితో చాలాసేపు పట్టే పని త్వరగా ముగుస్తోంది. సంతోషమే. కాని ఆ మిషన్ పట్టేవారిలో అనేకులు కళ్లకు అద్దాలు పెట్టుకోకపోవడం శోచనీయం.

చేతిలో ఇమిడే మిషనే కదా అనుకోరాదు. దాని రాయి నిమిషానికి వేల సార్లు తిరుగుతుంది. ఎగిరిన ఇనుప రవ్వ నల్లగుడ్డులో దిగితే చూపుకే ముప్పు. రవ్వ పడితే కన్ను నలపరాదు, కొంగుతో తీయబోరాదు. వెంటనే కంటి డాక్టరు వద్దకు వెళ్లాలి.

అలాగని పదును మానరాదు. మొద్దుబారిన గొలుసు చెక్కపేళ్లకు బదులు పొడి రాలుస్తుంది. బలంగా నొక్కవలసి వచ్చి, చేయి అలసి రంపం అదుపు తప్పుతుంది. కనుక ఇంజను ఆపి, ప్లగ్ వైరు తీసి, రంపాన్ని కదలకుండా బిగించి సాన పట్టాలి. బ్యాటరీ రంపమైతే ముందు బ్యాటరీ తీయాలి. మెడలో తువ్వాల, దగ్గరలో పెట్రోలు, ఎండుటాకులు ఉండరాదు. రాళ్లలో 4, 4.8 మిల్లీమీటర్లు వంటి కొలతలున్నాయి. గొలుసుకు తగినదే వేయాలి. రాయి మార్చేటప్పుడు సాన మిషన్ బ్యాటరీ ఊడదీయాలి. పన్ను నీలంగా మారితే అతిగా వేడెక్కి గట్టిదనం పోయినట్లే.

మిషన్‌తోపాటు కళ్లద్దాలు కూడా ఇచ్చే బాధ్యత దుకాణదారులు తీసుకోవాలి. కొనేవారు అడిగి తీసుకోవాలి. వ్యవసాయ, అటవీ అధికారులు గ్రామసభల్లో ఈ పని చేసి చూపితే కూలీలకు ఎంతో మేలు.