సగం కంటే తక్కువ ధరకే స్పోర్ట్స్ కారు.. మరి రిపేర్ల లెక్క ఏంటి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కుర్రాళ్లు ఫోన్లలో హైదరాబాద్ సెకండ్ హ్యాండ్ కార్ల వీడియోలు తెగ చూస్తున్నారు. ఏడెనిమిదేళ్ల కింద నలభై, యాభై లక్షలు పలికిన జర్మన్ కారు ఇప్పుడు పది, పదిహేను లక్షలకే అంటే ఎవరి మనసైనా లాగుతుంది. గల్ఫ్‌లో కష్టపడి దాచిన డబ్బో, ప్లాటు అమ్మిన డబ్బో చేతిలో ఉంటే ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఆ చర్చలో కారు ధర ఒక్కటే వినిపిస్తుంది. కొన్నాక అయ్యే ఖర్చు గురించి ఎవరూ అడగరు.

అసలు విషయం ఒక్కటే. కారు పాతదైతే దాని ధర తగ్గుతుంది, స్పేర్ పార్ట్ ధర మాత్రం తగ్గదు. యాభై లక్షల కారును పన్నెండు లక్షలకు కొన్నా, బ్రేక్ డిస్కు, టర్బో, గేర్‌బాక్స్ యాభై లక్షల కారు రేటుకే వస్తాయి. చిన్న కారుకు మూడు, నాలుగు లీటర్ల ఇంజిన్ ఆయిల్ సరిపోతే, వీటిలో చాలావాటికి ఐదు నుంచి ఏడు లీటర్ల సింథటిక్ ఆయిల్ పోయాలి. కొన్నింటికి స్టెప్నీ ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లే గతి. కారు కిందికి ఉంటుంది కాబట్టి మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు, గుంతలు నేరుగా టైర్లను, సస్పెన్షన్‌ను దెబ్బతీస్తాయి.

దీనికి దూరం తోడవుతుంది. ఇలాంటి కార్ల కంపెనీ సర్వీస్ సెంటర్ కావాలంటే మన మూడు జిల్లాల వాళ్లు హైదరాబాద్ పోవాల్సిందే. గద్వాల నుంచి అది సుమారు 190 కిలోమీటర్లు. మన మెకానిక్ భాయ్ చేతిలో పనితనం ఉన్నా, ఆ కంపెనీ స్కానర్ లేకపోతే లోపం ఎక్కడుందో దొరకదు. ఎర్రవల్లి చౌరస్తాలోనో, పెబ్బేరు దగ్గరో బండి ఆగిందంటే తాడు కట్టి లాగితే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పాడయ్యే ప్రమాదం ఉంది. లారీ మీద ఎక్కించుకొని పోవాలి. రిపేరుకు ముందే ఆ కిరాయి కట్టాలి.

ఇక పన్నులు. 2024 డిసెంబర్ 21న జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం పాత చిన్న కార్ల మీద పన్నును 12 నుంచి 18 శాతం చేసింది. పెద్ద ఇంజిన్ కార్లకు ముందు నుంచే 18 శాతం ఉంది. ఇది మొత్తం ధర మీద కాదు, డీలర్ లాభం మీదే. తొమ్మిది లక్షలకు కొని పది లక్షలకు అమ్మితే లక్ష మీద 18 వేలు. మామూలు మనిషి తన సొంత కారు మరొకరికి అమ్మితే ఈ పన్ను లేదు. కాబట్టి "జీఎస్టీ పెరిగింది" అని ఎవరైనా పది లక్షల మీద లెక్క కడితే ఒప్పుకోవద్దు.

2025 సెప్టెంబర్ 22 నుంచి స్పేర్ పార్ట్‌ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. యాభై వేల పార్ట్‌కు ముందు 64 వేలు అయ్యేది, ఇప్పుడు 59 వేలు. మంచిదే, కానీ అసలు యాభై వేలు అలాగే ఉంది. అదే రోజు నుంచి కొత్త చిన్న పెట్రోల్ కారు మీద పన్ను కూడా సెస్సుతో కలిపి 29 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా ఆరు లక్షలుండే కారుకు దాదాపు 66 వేలు మిగులుతాయి, పైగా వారంటీ ఉంటుంది.

ఇన్సూరెన్స్ కూడా చూడాలి. 1500 సీసీ దాటిన కారుకు 2022 జూన్ నుంచి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 7,897 రూపాయలు, దాని మీద జీఎస్టీ. కారు పాతదని ఇది తగ్గదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలు, టైర్లు, బ్యాటరీ క్లెయిమ్‌లో సగమే ఇస్తారు. అరిగిపోయిన గేర్‌బాక్స్‌కు పైసా రాదు.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. తుంగభద్ర దాటితే కర్నూలే కాబట్టి మనోళ్లు ఏపీ నంబర్ బండ్లు కొంటుంటారు. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే ఎన్‌ఓసీ తెచ్చి తెలంగాణ నంబర్ వేయించుకోవాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం ముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి ధరలో కలపండి. లోన్ ఉన్న బండైతే బ్యాంకు నుంచి ఫారం 35 తీసుకోండి. అమ్మేవాళ్లూ జాగ్రత్త. బండి అమ్మేసినా ఆర్‌సీలో పేరు ఎవరిదుంటే యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

కొనొద్దని కాదు. అడ్వాన్స్ ఇచ్చేముందు హైదరాబాద్‌లోని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చెక్ చేయించి, ఏమేం మార్చాలో ఎస్టిమేట్ కాగితం మీద తీసుకోండి. సర్వీస్ రికార్డు చూపించను అన్నవాడి దగ్గర కొనొద్దు. పన్నెండు లక్షల కారు కొనాలంటే ఇంకో రెండు లక్షలైనా విడిగా ఉండాలి. ఆ రెండు లక్షలు పిల్లల ఫీజుల నుంచో, చెల్లి షాదీకి దాచిన డబ్బు నుంచో తీయాల్సి వస్తే, ఆ కారు మన తాహతుకు మించినదే.