నొప్పికి ఎన్ని పేర్లు!

బాధ చెప్పుకోవటానికి మన తెలుగులో మాటల కరువు లేదు. పంటికి సలుపు, తలకు పోటు, గాయానికి మంట, నడుముకు పట్టు - దేని పేరు దానిదే. అయితే డాక్టరుగారి ఎదుట కూర్చునేసరికి ఆ మాటలన్నీ ఎటు పోతాయో గాని, "కాళ్ళ నొప్పులండీ" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకు వస్తాం.

మధుమేహం ఉన్నవారికి ఈ పొదుపు చేటు. మన దేశంలో అటువంటివారు 10 కోట్ల పైచిలుకు అని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే లెక్క. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి అదుపు తప్పితే నరాలు దెబ్బతింటాయి. పాదాలకు పోయే నరాలు అన్నిటికన్నా పొడుగైనవి. అందుకే బాధ కాలివేళ్ళలో మొదలై, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, కారం రాసినట్టు ఉంటుంది. రాత్రి మరీ హెచ్చు. దుప్పటి అంచు తగిలినా ఓర్వలేరు.

పైకి చూస్తే వాపూ లేదు, పుండూ లేదు. "నాన్నగారికి ఈ మధ్య చిరాకు ఎక్కువైంది" అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. రాత్రి నిద్ర లేని మనిషికి పగలు శాంతం ఎక్కడినుంచి వస్తుంది? షికారు మానేస్తారు, పెళ్ళిళ్ళకు వెళ్ళటం మానేస్తారు, దిగులు పడతారు. జబ్బు ఉండేది పాదాల్లో. అది తినేది బతుకులోని రుచిని.

రొనాల్డ్ మెల్జాక్ అనే కెనడా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1975లో నొప్పిని వర్ణించే 78 మాటలను 20 వర్గాలుగా పేర్చి ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. రోగి నోటి మాటకు వైద్యంలో అంత విలువ! కనుక మంటైతే మంట అనే చెప్పండి. మామూలు నొప్పి మాత్రలు దీనికి అంతగా పనిచేయవు, వేరే మందులున్నాయి. వాటిలో కొన్ని మొదట దిగులు జబ్బుకో, మూర్ఛకో వచ్చినవి. చీటీ చూసి "నాకేం పిచ్చా?" అని మానేయకండి.

ఒకనాడు మంట దానంతటదే చల్లారితే సంబరపడకండి. నరం బాగుపడిందో, చచ్చుబడిందో డాక్టరు చేత తేల్చుకోవాలి. స్పర్శ పోయిన పాదానికి మేకు దిగినా తెలియదు, గుడి ప్రాకారంలో కాలిన బండ మీద బొబ్బ లేచినా తెలియదు.

పండుగనాడు పెద్దల కాళ్ళకు దండం పెట్టే అలవాటు మనకుంది కదా! ఎలాగూ వంగారు గనుక, ఆ అరికాళ్ళు కూడా ఒకసారి చూసి లేవండి.