మనోళ్ళు, బయటోళ్ళు: పనిచోట జట్టు కుదిరే తీరు

పనిచోట జట్టు హాజరుపట్టీలో పుట్టదు. పట్టీలో పేరెక్కే ముందే ఎవరు ఎవరి పక్కన నిలబడతారు, ఎవరి మాట ఎవరు వింటారు, ఎవరికి కష్టమొస్తే ఎవరు లేచి వెళతారు అన్నవి చాలావరకు తేలిపోయి ఉంటాయి. ఊరు, కులం, బంధుత్వం, వర్గం, పాత బాకీలు, పాత కక్షలు వాటిని తేలుస్తాయి. యాజమాన్య శాస్త్రం వీటినే భావోద్వేగాలు, అస్తిత్వం, నాయకత్వం అని మూడు అధ్యాయాలుగా విడదీసి చెబుతుంది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఆ మూడూ ఒకే ముడిగా కనిపిస్తాయి. నేత, బంగారం, నాపరాయి, సిమెంటు, కరెంటు, యురేనియం వంటి ఇన్ని రకాల పనులు ఇంత దగ్గరదగ్గరగా సాగే చోట్లు రాయలసీమలో ఎక్కువ లేవు. జట్టు ఎలా కుదురుతుందో, ఎక్కడ బెసుకుతుందో గమనించడానికి ఈ ప్రాంతం బాగా పనికొస్తుంది.

ముందుగా మగ్గం. ప్రొద్దుటూరు పేటల్లోనూ, జమ్మలమడుగు పక్కన మోరగుడిలోనూ, మైలవరం మండలంలోని వేపరాల, దొమ్మరనంద్యాలల్లోనూ చేనేత అంటే ఇంటిల్లిపాదీ చేసే పని. గుంటమగ్గంలో కూర్చునేది ఒకరే. కండెలు చుట్టేది ఇంటి ఆడవాళ్ళో, కళ్ళు ఇంకా ఆనుతున్న ముసలివాళ్ళో. పడుగు అయిపోయి కొత్త పడుగు వచ్చినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేల పోగుల్లో ఒక్కటి తప్పినా ఆ గీత చీర పొడవునా కనబడుతుంది. తప్పు పడిన చీరకు కూలి కోసేది షావుకారు. తలవంపు మాత్రం ఇంటిది. ఈ పరువు భావనే తనిఖీదారు లేని చోట తనిఖీదారుగా పనిచేస్తుంది. ఇంటిపెద్దే నాయకుడు కాబట్టి పని పంచడానికి పంచాయతీ అక్కర్లేదు. అయితే దీన్ని చూసి మురిసిపోవాల్సిన పనీ లేదు. కండెలు చుట్టిన చేతికి విడిగా కూలి ముట్టదు. విసుగొచ్చినా చెప్పుకోవడానికి వేరే చోటు లేదు. షావుకారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా మగ్గం మారే స్వేచ్ఛ కూడా ఉండదు. ఐకమత్యంలా కనిపించే దాంట్లో కొంత భాగం వేరే దారి లేకపోవడమే.

మరమగ్గాల షెడ్డులోకి వచ్చేసరికి ఇల్లు విడిపోతుంది. ఒక్కొక్కరికి కొన్ని మగ్గాలు, వాటి లెక్కన కూలి. పక్క మగ్గంలో పోగు తెగినా, మగ్గం ఆగినా అది పక్కవాడి తలనొప్పి. ఈ చిక్కుముడిని డెబ్బై ఏళ్ళ కిందట అహ్మదాబాద్‌లో ఒకరు విప్పి చూశారు. లండన్ టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ 1953లో కాలికో మిల్లుకు వెళ్ళేసరికి, ఆటోమేటిక్ మగ్గాల షెడ్డులో రెండొందలకు పైగా మగ్గాల మీద డజను రకాల పనివాళ్ళు ఎవరి పని వారు చేస్తున్నారు. యంత్రాలు కొత్తవే, ఉత్పత్తి మాత్రం పెరగలేదు. కొన్ని మగ్గాలకు మొత్తం బాధ్యత ఒక చిన్న జట్టుదే అన్న ఆలోచన ముందుకు రాగానే, ఆ జట్ల కూర్పును కార్మికులే తమలో తాము తేల్చుకున్నారు. బట్ట దిగుబడి పెరిగింది, పాడయ్యేది తగ్గింది. అయితే 1970లో ఎరిక్ మిల్లర్ మళ్ళీ వెళ్ళి చూస్తే ఆ పద్ధతి కొన్ని షెడ్లలో నిలిచి ఉంది, కొన్నింట్లో పాత తీరే తిరిగొచ్చింది. ప్రొద్దుటూరు షెడ్ల యజమానులకు ఇందులో పనికొచ్చేది రెండో సగమే అనిపిస్తుంది. జట్టు కుదర్చడం కొద్ది రోజుల పని, పై ఒత్తిళ్ళు తగలకుండా దాన్ని కాపాడటం ఏళ్ళ పని.

బంగారం వ్యాపారం గురించి ఒక్క మాట చాలు. ప్రొద్దుటూరును రెండో ముంబయి అనిపించింది ఆ అంగళ్ళే. అంగడి నుంచి కంసాలి చేతికి వెళ్ళిన కడ్డీ నగై తిరిగొచ్చేదాకా మధ్యలో ఉండేది నమ్మకం, తరుగు లెక్క. అక్కడ నోటిమాటే పూచీ. కొత్తగా వచ్చినవాడికి ఆ నమ్మకం అందాలంటే పాతవాళ్ళలో ఒకరు పూచీ పడాలి. దీనివల్ల మోసం తగ్గుతుంది. పనితనం ఉండీ పరిచయం లేనివాడు గుమ్మం బయటే ఉండిపోతాడు కూడా.

జమ్మలమడుగు దగ్గర ఇదే విషయం బరువెక్కుతుంది. ఇక్కడ ‘మనోళ్ళు’ అన్న మాటకు వర్గం అర్థం కూడా తోడవుతుంది. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున జమ్మలమడుగు శాసనసభ్యుడిగా గెలిచిన ఆదినారాయణరెడ్డి 2016లో తెలుగుదేశంలో చేరి, 2017లో మంత్రి అయ్యారు. అప్పటికే అక్కడ తెలుగుదేశం అంటే రామసుబ్బారెడ్డి. తరాలుగా ఎదురెదురుగా నిలిచిన ఈ ఇద్దరి దేవగుడి, గుండ్లకుంట వర్గాలను ఒకే జెండా కిందికి తేవడం పార్టీ పెద్దలకు లెక్కల ప్రకారం తేలికగానే కనిపించి ఉండాలి: ఇద్దరి ఓట్లూ కలిస్తే ఎదురుండదు. 2019లో ఆదినారాయణరెడ్డి కడప లోక్‌సభకు, రామసుబ్బారెడ్డి జమ్మలమడుగు అసెంబ్లీకి తెలుగుదేశం అభ్యర్థులుగా నిలబడ్డారు. ఇద్దరూ ఓడారు. అసెంబ్లీ సీటు వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి సుధీర్‌రెడ్డికి దక్కింది. ఏడాది తిరిగేలోపు ఒకరు భాజపాలోకి, మరొకరు వైఎస్సార్ కాంగ్రెస్‌లోకి వెళ్ళిపోయారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతా ఒకే గాలి వీచిన మాట నిజమే, ఓటమికి అదొక్కటే చాలు. అయినా ఏడాదిలోపే ఇద్దరూ చెరో దారి పట్టడం చూస్తే, చేతులు కలిసింది వేదిక మీద వరకేనని అర్థమవుతుంది. నాయకుల మధ్య రాజీ కుదిరినంత మాత్రాన ఊళ్ళో కేసుల్లో తిరిగినవాడికి, మనిషిని పోగొట్టుకున్న ఇంటికి కుదిరినట్టు కాదు. వారి త్యాగాలకు అర్థం ఇచ్చింది ఆ శత్రుత్వమే. దాన్ని ఒక్క ప్రకటనతో రద్దు చేస్తే వారు కోల్పోయిందంతా వృథా అన్నట్టే అవుతుంది.

ఒకేచోట చేర్చినంత మాత్రాన వైరం పోదని చూపిన ప్రయోగం ఒకటుంది. సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ 1954లో అమెరికాలోని ఓక్లహామాలో 22 మంది కుర్రాళ్ళను రెండు జట్లు చేసి, పోటీలు పెట్టి, వైరం ఎలా ముదురుతుందో చూశాడు. తర్వాత రెండు జట్లనూ ఒకేచోట భోజనానికి కూర్చోబెడితే పళ్ళాల్లోని తిండి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. శిబిరానికి నీళ్ళు ఆగిపోయినప్పుడు, తిండి తెచ్చే లారీ మొరాయించినప్పుడు అందరూ కలిసి పనిచేయక తప్పలేదు. అలాంటివి వరసగా కొన్ని జరిగాకే వైరం మెత్తబడింది. కంపెనీలు విలీనమైనప్పుడు విందులూ ఉమ్మడి సమావేశాలూ పెట్టే యాజమాన్యాలు ఈ ప్రయోగంలో మొదటి సగాన్నే చదువుకున్నట్టుంటాయి.

వర్గం హద్దు కొన్నిసార్లు ఊరి పేరుతో, కొన్నిసార్లు జిల్లా పేరుతో పడుతుంది. ఎర్రగుంట్ల మండలంలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే బూడిద సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకు. దాన్ని ఎవరి లారీలు ఎత్తాలన్న దాని మీద 2024 నవంబరులో జమ్మలమడుగు, తాడిపత్రి వర్గాల మధ్య రచ్చ జరిగి లారీలు ఆగాయి. రెండు వైపులా అధికార కూటమి మనుషులే. కూటమి ఒకటే అయినా ‘మా కేంద్రం, మా బూడిద, మా లారీలు’ అన్న లెక్క ముందుకొచ్చింది. కిస్తీ కట్టాల్సిన లారీ ఓనరుకు ఇది బతుకు లెక్క కూడా కాబట్టి, కోపాన్ని ఉత్త అహంకారమని కొట్టిపారేయలేం.

ఉక్కు కర్మాగారం కథ ఇంకో కోణం చూపుతుంది. 2007లో అంబవరం దగ్గర, 2018లో కంబాలదిన్నె దగ్గర, 2019లోనూ 2023లోనూ సున్నపురాళ్ళపల్లె దగ్గర శంకుస్థాపనలు జరిగాయి. మొదటి రాయికి వచ్చిన జనం ఆశతో వచ్చారు. నాలుగోదాని నాటికి అదే జనంలో ఎగతాళి చేరింది. జట్టులో ఉత్సాహం అంటుకున్నట్టే నిరాశా అంటుకుంటుంది. పైగా నాయకుడు మారినా అది పోదు, కొత్తగా వచ్చినవాడు పాతవాళ్ళ బాకీతో సహా పని మొదలుపెట్టాలి. రేపు అక్కడ కొలిమి వెలిగితే మొదటి రోజు పనిలో చేరే కుర్రాడు ఆ అనుమానాన్ని కూడా జేబులో పెట్టుకుని వస్తాడు.

పులివెందులలో 1978 నుంచి శాసనసభ స్థానం ఒకే కుటుంబం చేతిలో ఉంది. రెండు వర్గాల తూకం ఉన్న జమ్మలమడుగుకు ఇది పూర్తిగా భిన్నం. ఇలాంటి చోట పని సమస్య పర్సనెల్ ఆఫీసు గుమ్మం ఎక్కకుండా నేరుగా నాయకుడి ఇంటికి వెళుతుంది. కొన్నిసార్లు వెంటనే తేలుతుంది కూడా. కాకపోతే ఫోర్‌మన్ మాటకు విలువ పడిపోతుంది: అతను చెప్పింది నచ్చకపోతే పైన ఇంకో తలుపు ఉందని అందరికీ తెలుసు.

వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని, శుద్ధి కర్మాగారం అస్తిత్వాల చిక్కుకు మంచి ఉదాహరణ. 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో ఉత్పత్తి మొదలైన ఈ భారత యురేనియం కార్పొరేషన్ ప్రాజెక్టు కోసం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు భూములిచ్చారు, వారి కుటుంబాలకు ఉద్యోగాలు ఒప్పందంలో భాగం. కొట్టాల దగ్గరి వ్యర్థాల చెరువు వల్ల బోరునీళ్ళు పాడయ్యాయని, అరటి, చీనీ తోటలు దెబ్బతిన్నాయని రైతులు ఏళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నారు. తమ చెరువు కారణం కాదన్నది సంస్థ వాదన. కొడుకు షిఫ్టుకు వెళ్ళే ఇంట్లోనే తండ్రి అర్జీ మీద సంతకం పెట్టే పరిస్థితి. ఆ కొడుకు గనిలో కంపెనీ మనిషి, రచ్చబండ దగ్గర ఊరి మనిషి. ఏదో ఒక పక్షం తేల్చుకొమ్మని ఇరువైపులా ఒత్తిడి పెట్టే కొద్దీ అతను రెండు చోట్లా నోరు మూసుకుంటాడు. ఆ మౌనం గనిలో ప్రమాదకరం, ఎందుకంటే పైకప్పు పగులునో, గాలి సరిగా ఆడకపోవడాన్నో ముందు చూసేది అతనే.

ఇంగ్లండు బొగ్గు గనుల మీద ఎరిక్ ట్రిస్ట్, ఒకప్పుడు తానే గని కార్మికుడైన కెన్ బాంఫోర్త్ 1951లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ గుర్తుకొస్తుంది. యంత్రాలు రాకముందు ఒకరినొకరు ఎంచుకున్న చిన్న జట్లు ఒకే చోట మొత్తం పని చేసేవి. జట్టులో ఒకడు పోతే అతని కుటుంబాన్ని మిగతావాళ్ళు చూసుకున్న సందర్భాలూ ఉన్నాయి. యంత్రాలొచ్చాక పని షిఫ్టుల వారీగా ముక్కలైంది. ముందు షిఫ్టు చేసిన లోపం తర్వాతి షిఫ్టు నెత్తిన పడేది, నేరం ఎప్పుడూ కనబడనివాడిదే అయ్యేది, గైర్హాజరీ పెరిగింది.

అందుకే ఈ మూడు ఊళ్ళ పనిచోట్ల అసలు నాయకత్వం అట్టడుగు మెట్టు మీద ఉంది: షిఫ్టు ఫోర్‌మన్, ముఠా మేస్త్రీ, షెడ్డు సూపర్‌వైజరు. వీరిని పెట్టుకునేటప్పుడు చూసేది సాధారణంగా ఎవరి మనిషి అన్నదే. వర్గానికి చెందని మేస్త్రీని వెతకడం ఈ ప్రాంతంలో దాదాపు కుదరని పని; వెతకాల్సింది ఎదుటి వర్గం మనిషికి కూడా ఓవర్‌టైమ్ సమానంగా రాస్తాడన్న పేరున్నవాడిని. అలాంటివాడు ఎవరో పర్మినెంటు, కాంట్రాక్టు కార్మికులిద్దరికీ తెలుసు. వారిని అడిగి తెలుసుకునే ఏర్పాటు మాత్రం చాలా యాజమాన్యాల దగ్గర ఇప్పటికీ లేదు.